రానుపోనూ

గ్రిమ్స్‌బీలో డిసెంబరు వాన పైనుంచి పడదు,
సముద్రం మీంచి అడ్డంగా వస్తుంది.
థియేటర్ పక్క తలుపు దగ్గర
బకెట్టు పెట్టుకుని కూర్చుంటాను.
బకెట్టులో గొలుసు.

పంతొమ్మిదేళ్లుగా నా వేషం అదే:
పిసినారి గదిలో కొవ్వొత్తి వణకగానే
చచ్చిపోయిన భాగస్తుడు మెట్లెక్కుతున్నట్టు
గొలుసును నిదానంగా కుదపడం.
కరపత్రంలో నా పేరు ఆఖరి పుటలో,
టీ కాచేవాళ్ల కింద.

ఈ ఏడు కథకి పాటలు కట్టారు.
పిసినారి పాడతాడు, అప్పులవాళ్లు పాడతారు,
పొగమంచు కూడా పాడుతుంది, ముగ్గురు ఆడవాళ్లై.
పిసినారి క్లిఫర్డ్ మామూలు రోజుల్లో పళ్ల డాక్టరు,
అందుకే కోరస్‌లో సగం మంది
అతని ముందు నోరు పూర్తిగా తెరవరు.
కుంటి పిల్లాడి వేషం ఇమొజెన్‌ది.
అక్టోబరు నుంచి రెండంగుళాలు పెరిగింది;
చంకకర్ర అడుగున బిరడాలు అతికించాను.
మంచు, కాగితపు మంచే.
రాత్రి ఊడ్చి మర్నాడు మళ్లీ పైకెక్కిస్తాం.
మూడోవారానికి అందులో హెయిర్‌పిన్నులు, బొత్తాలు,
ఒక పాలపన్ను.

కొత్త దర్శకురాలు కార్మెల్, లీడ్స్ నుంచి. మంచి పిల్ల.
గొలుసు చప్పుడు ల్యాప్‌టాప్‌లో ఉందంది.
మీట నొక్కితే హాలు నాలుగు మూలలా మోగుతుంది.
నిజం చెప్పాలంటే నాదానికంటే బాగుంది.
దెయ్యం మెడలోది ప్లాస్టిక్‌ది, తుప్పురంగు పూసి.
నేను మాత్రం బకెట్టు తెచ్చుకోవడం మానలేదు.
ఊరికే.

లెనార్డ్ బ్లాంచర్డ్ మా దెయ్యం.
పాట అంటే అతనికి వేలంపాటే,
నలభయ్యేళ్లు చేపల రేవులో పాడాడు.
కాడ్ పెట్టె చేతికిస్తే తూకం చెబుతాడు, కాటాతో పనిలేదు.
ఆఖరి ఆటకి ముందు, మొహాన సగం పౌడరుతో వచ్చి
నా బకెట్టులోకి చూశాడు.
"దీనికి బరువే లేదు," అన్నాడు మెడలోది లాగుతూ.
"నడక ఎక్కణ్ణుంచి వస్తుంది?"

ఐసు ఫ్యాక్టరీ సామాను అమ్మేసినప్పుడు తెచ్చిన గొలుసది,
పద్నాలుగు కిలోలు.
వీపు మీద సైకిలు తాళంతో బిగించాను.

తలుపు తెరుచుకుంది.
గ్వెండా పియానో మీద నాలుగు దెబ్బలు వాయించి చూసింది.
లెనార్డ్ లేడు.
మళ్లీ నాలుగు. గడప దగ్గర ఒక కాలు.
మళ్లీ నాలుగు.
ల్యాప్‌టాప్ చప్పుడు ఎప్పుడో అయిపోయింది.
అతను పాటని పాడలేదు, మోసుకొచ్చాడు.
ముందు వరుసలో ఎవరో టాఫీ కాగితం విప్పుతూ
సగంలో అలాగే పట్టుకున్నారు.
క్లిఫర్డ్ కుర్చీలోంచి లేవాలి. లేవలేదు.
మాటలు మర్చిపోయానని తర్వాత చెప్పాడు.
నాకలా అనిపించలేదు.

చప్పట్లయ్యాక చూస్తే తాళంచెవి లేదు.
చీపుళ్లు పట్టుకుని నలుగురం మంచంతా వెతికాం.
ఇంకో పాలపన్ను దొరికింది.

ఆఖరి బస్సు పది యాభైకి.
గొలుసు మీద కోటు వేసుకున్నాడు, బొత్తాలు పట్టలేదు.
లోపల యూనిఫారంలో నిద్రపోతున్న నర్సు,
చిప్స్ పొట్లంతో ఒక కుర్రాడు. వాడు తినడం ఆపాడు.
డ్రైవరు ఆ తెల్లమొహం చూశాడు, ఇనుము చూశాడు,
ఈ ఊళ్లో రాత్రి బస్సు నడిపేవాడు, ఏమీ అడగలేదు.
అడగాల్సింది మాత్రం అడిగాడు:
"ఒకవైపేనా, రానుపోనూనా?"

లెనార్డ్ కాసేపు ఆలోచించాడు,
చేతిలో కాడ్ పెట్టె ఉన్నట్టు.
"రానుపోనూ," అన్నాడు.
చిల్లర నేనిచ్చాను.

మర్నాడు రేవు నుంచి కట్టర్ తెచ్చి కోశారు.
మెడమీద తుప్పు మరక కొత్త సంవత్సరం దాకా ఉందట.
తెగిన లంకె ఒకటి నేను తెచ్చుకున్నాను,
వంటింటి తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టడానికి.
గాలి బాగా ఎక్కువైన రాత్రి
అదీ జరుగుతుంది,
కొంచెం.